గోంగూర మడిలో ఆర్టిచోక్

మీరు వడ్డించిన కూర మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, పంక్తిలో కూర్చున్న వాళ్లందరూ ఒక్కసారిగా కళ్లు మూసుకోవడం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. మళ్లీ ప్రార్థన మొదలైంది కాబోలనుకుని నేనూ కళ్లు మూసుకున్నాను. ఆ పూట తిన్నదాన్ని మా సంఘంలో ఇప్పటికీ ‘ఆ కూర’ అనే అంటారు, పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అంతటి ఘనకార్యం చేసి కూడా తెనాలిలో అదే వీధిలో తలెత్తుకు తిరుగుతున్న మనిషిని నేను. చెబుతాను, ఓపిక పట్టండి. చేతికందే దూరంలో ఒక గ్లాసు మజ్జిగ పెట్టుకోండి, అవసరం పడొచ్చు.

నాది రేపల్లె. పెళ్లయి తెనాలి వచ్చాను. ఎనిమిదో తరగతి పిల్లలకు సైన్సు చెబుతాను. బోర్డు నిండా పువ్వు బొమ్మ గీసి, ఇవి రక్షక పత్రాలు, ఇవి ఆకర్షక పత్రాలు, ఇవి కేసరాలు అని స్కేలుతో చూపించే టీచర్ని. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథ సగానికి వచ్చాక చెప్పాలంటే నాకు నోరు రాదు.

మా అత్తగారు కరుణమ్మ గారిది కొల్లిపర పక్కన పల్లె, అరటితోటల్లో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ అరటిపువ్వు వలుస్తుంటే చూడాలి. చేతులకు నూనె రాసుకుని కూర్చుంటారు. ఎర్రటి దొప్పలు ఒక్కొక్కటే విప్పి పక్కన పారేస్తారు. లోపలున్న చిన్న చిన్న పూలను తీసి, ఒక్కో పువ్వులోంచి గట్టి పుల్లనీ దాని పక్కనుండే పలచటి పొరనీ చూడకుండానే లాగేస్తారు. పైది పారేయాలి, లోపలిది తినాలి, అదీ ఆవిడ శాస్త్రం. గోడవతల షకీలా అక్కతో కబుర్లు చెబుతూ, టీవీలో సీరియల్ మీద ఒక కన్ను వేసి కూడా ఆ చేతులు తప్పు చేయడం నేను చూడలేదు. ఆవపెట్టి ఆవిడ వండే అరటిపువ్వు కూరకి పెళ్లయిన కొత్తలోనే మనసులో సాష్టాంగపడ్డాను.

అంత ప్రేమగల అత్తగారు నాకు బీరువా తాళాలు ఇచ్చేశారు, వంటింటి పెత్తనం సగం ఇచ్చేశారు. ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. మా పెరట్లో ఎండా నీళ్లూ రెండూ సరిగ్గా పడే చోటు ఒక్కటే ఉంది. అది ఆవిడ గోంగూర మడి. అందులో నేను కలుపు తీయొచ్చు, నీళ్లు పెట్టొచ్చు. అందులో నాదంటూ ఒక గింజ నాటడానికి మాత్రం వీల్లేదు.

ఇట్లా ఉండగా ఒక సెలవు రోజున ఫోన్లో ఎవరో ఆవిడ తన పెరటి తోట చూపిస్తోంది. వెండి రంగు ఆకులు, మనిషి నడుము ఎత్తున. వాటి మధ్యలోంచి లేచిన కాడ మీద ఒక మొగ్గ, తామర మొగ్గకి పొలుసులు మొలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా. ఆర్టిచోక్ అంది. చిన్నప్పటి నుంచి ఇన్ని మొక్కల పాఠాలు చదివాను, చెప్పాను, ఇలాంటిది ఒకటి ఈ భూమ్మీద ఉందని ఎవరూ నాకు చెప్పలేదే అని నిజంగా బాధేసింది. ఆ వీడియోను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ మొక్క నాకు కావాలి, అంతే.

దాన్ని పెంచడం మీద ఉన్న వీడియోలన్నీ చూసేశాను. దాన్ని తినడం మీద ఒక్కటీ చూడలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. నాకు ఆలూ ఉంది, చూలూ ఉంది, పుట్టేది కొడుకో కూతురో కనుక్కోవాలన్న ఆలోచనే లేదు. ఎక్కడో ఒక మాట మాత్రం చెవిన పడింది: దీని లోపల గుండె ఉంటుంది, అదే అసలు రుచి అని. నాకది చాలనిపించింది.

విత్తనాలు పార్సిల్లో తెప్పించాను. అది చలిదేశపు మొక్క. గింజకి కాస్త చలి చూపిస్తేగాని మొగ్గ వేయదట. తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో దోసెల పిండి వెనక దాచాను. అత్తగారు తీసి చూస్తే గింజలు మొలకలెత్తి ఉన్నాయి. పెసలు కావని తెలిశాక ఆ రోజే పంచాయితీ పెట్టారు. నేనూ దాచకుండా అడిగేశాను, మడి కావాలని.

“ఒక మొక్క ఎంత పెరుగుద్ది?” అన్నారు.

“నవారు మంచమంత పెరుగుద్ది అత్తయ్యా.”

“కాపు?”

“మొగ్గలండి. పిడికెడేసి ఉంటయ్యి.”

అత్తగారు కాసేపు ఆ మంచాన్నీ ఆ పిడికిలినీ మనసులో పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. మా ఆయన ఇట్లాంటి సమయాల్లో బయటికి వెళ్లి బైక్ తుడుస్తారు. ఆ రోజు బైక్ అద్దంలా మెరిసింది.

చివరికి ఆవిడే ఒక తీర్పు చెప్పారు. “శ్రమల రోజుల్లో కూడిక మనింటికి వచ్చిద్ది గదా. అందాకా మడి వాడుకో, ఆ రోజు నీ కూర పెట్టు. పాస్టరు గారు తిని మారు అడిగితే మడి నీది. అడక్కపోతే నా గోంగూర నేను చల్లుకుంటా.”

తెలియనివారికి చెబుతున్నాను. ఈస్టరుకి ముందు నలభై రోజులూ మాకు శ్రమకాలం. చాలామంది నీచు ముట్టరు. సాయంత్రాలు ఒక్కో ఇంట్లో కూడిక పెట్టుకుని, పాటలు పాడి, ప్రార్థన చేసి, ఆ ఇంట్లో శాకాహార భోజనం చేస్తారు. వంట బాగుందా లేదా అన్నది మర్నాటికల్లా పేటంతా తెలిసిపోతుంది. అంత పెద్ద కోర్టులో నా వ్యాజ్యం వేశారన్నమాట. నేను ఒప్పుకున్నాను. మడి కోసం ఆ రోజు దేనికైనా ఒప్పుకునేదాన్ని.

మడిలో ఇసుకా పశువుల ఎరువూ కలిపి మొలకలు నాటాను. తుఫాను వానలు పట్టుకుంటే వేళ్లు కుళ్లిపోతాయేమోనని గొడుగు వేసుకుని మడిలో నిలబడ్డాను. గొడుగు మొక్కలకి, వాన నాకు. షకీలా అక్క గోడ మీంచి చూసి, కోడలిపిల్లకి గాలి సోకిందేమోనని అత్తగారిని చాటుగా అడిగిందట. పేనుబంక పడితే వేపనూనె కొట్టాను. బాపట్ల నుంచి మా మేనమామ వచ్చాడు. వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మొక్కల చుట్టూ ఒకసారి తిరిగి, ఆకులైతే బాగా వస్తాయి గానీ ఈ గాలికి మొగ్గ రాదమ్మా, ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. ఊటీలో ట్రైనింగుకి వెళ్లినప్పుడు దాన్ని తిన్నానని కూడా చెప్పాడు. ఎట్లా తినాలి మావయ్యా అని ఆ పూట ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. సైన్సు టీచర్ని కదా, అడగడానికి నామోషీ.

సంక్రాంతి దాటి చాలా రోజులైంది. ఒక పొద్దున బడికి వెళ్లబోతూ మడిలోకి తొంగిచూశాను. ఆకుల మధ్యలో, లోతుగా, ఆకుపచ్చ ముడి ఒకటి కనిపించింది. పొలుసు మీద పొలుసు, ఒక్కటీ వంకర లేదు, ఎవరో కూర్చుని కొలిచి పేర్చినట్టున్నాయి. ఆ గింజను నేను నాటాను సరే, ఈ పని చేసింది మాత్రం నేను కాదు. బడికి ఆలస్యమవుతోందని తెలిసి కూడా కదల్లేకపోయాను. అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. వేలు చాపి ఆ మొగ్గను తాకీ తాకనట్టు తాకి లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ అట్లా దేన్నైనా తాకడం నేను చర్చిలో తప్ప చూడలేదు.

ఆ తర్వాత మొగ్గలు వరసగా వచ్చాయి. ఇక్కడ నా తెలివి చూడండి. మొగ్గ బిగువుగా ఉన్నప్పుడే కోయాలని వీడియోల్లో ప్రతి ఒక్కరూ చెప్పారు. నేనేమో కూడిక రోజుకి ఇంకా పెద్దవి కావాలని ఆపాను. బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరాదని మనవాళ్లు చెప్పారు గానీ, ఆ వరసలో ఆర్టిచోక్ పేరు చేర్చలేదు. నేనేం చేయను? మొగ్గలు కొబ్బరి బోండాల్లా బలిశాయి. కూడిక రోజు మధ్యాహ్నం కాడతో సహా కోసి బుట్టలో పెట్టి, పసిపిల్లను అందించినట్టు అత్తగారికి అందించాను.

“ఇందులో తినేది ఎక్కడమ్మాయ్?” అన్నారు.

“లోపల గుండె ఉంటదంట అత్తయ్యా. అదే తినాలంట.”

“అయితే అరటిపువ్వుకి చుట్టమే,” అన్నారు అత్తగారు. చేతులకి నూనె రాసుకున్నారు.

నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. పొలుసుల్లాంటి రేకులు చకచకా ఊడి బుట్టలో పడుతున్నాయి. అవన్నీ పోయాక మధ్యలో బయటపడింది. మెత్తగా, లేత పసుపులో, పట్టుకుచ్చులా. దాన్ని చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇంత గట్టి కోట లోపల ఇంత సుకుమారమైనది ఉంటే గుండె అని కాక ఇంకేమంటారు? అత్తగారు దాన్ని మొదలంటా కోసి పసుపు కలిపిన మజ్జిగలో వేశారు. కింద మిగిలిన గిన్నెలాంటి అడుగు గట్టిగా ఉందని రేకుల బుట్టలోకే విసిరేశారు. బుట్టెడు తొక్కలకి గిన్నెడు కూర వచ్చింది. చాలదని పెసరపప్పు కలిపి, ఆవ నూరిపెట్టి, కరివేపాకు తాలింపు వేశారు. ఇల్లంతా ఘుమఘుమ. తొక్కల బుట్ట రోజూలాగే గోడ పక్కన పెట్టాం, షకీలా అక్క మేక కోసం.

కూడికకి ఇరవై మంది దాకా వచ్చారు. ఆ రోజు పాస్టరు గారు పాట ఎత్తుకుంటే కిటికీ రెక్కలు కదిలాయి. ఆయన గొంతు అట్లాంటిది. భోజనాల ముందు ప్రార్థనలో, సముద్రాల అవతలి మొక్కను తెనాలిలో మొలిపించిన ప్రభువుకి ప్రత్యేకంగా స్తోత్రం చెప్పారు. నాకు కళ్లు చెమర్చాయి. లేచి నేనే వడ్డించాను, అందరికన్నా ముందు ఆయనకే.

ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకా నమిలారు. కళ్లు మూసుకున్నారు. వరసలో అందరూ అట్లాగే మూసుకున్నారు. చెప్పాను కదా, నేనూ మూసుకున్నానని. ప్రార్థన చేసిన అన్నం పారేయకూడదని మా వాళ్లందరికీ పసితనం నుంచి నూరిపోస్తారు. కాబట్టి ఒక్కరూ ఉమ్మలేదు. ఆ రోజు అక్కడ జరిగిన మింగుడులో ఉన్నంత విశ్వాసం ఏ బైబిలు పాఠంలోనూ నేను చూడలేదు.

కళ్లు తెరిచేసరికి పాస్టరు గారు నా వైపు చెయ్యి చాపుతున్నారు. మాట రావడం లేదు. గొంతు చూపించి, విస్తరి చూపించి, మళ్లీ చెయ్యి చాపారు. మారు అడుగుతున్నారు! నా గుండె గంతులేసింది. అత్తగారి వైపు గెలిచిన చూపొకటి చూసి, ఆయన వద్దని తల ఊపేలోపలే ఇంకో రెండు గరిటెలు వేశాను. ఆయన ముఖంలో కనిపించిన భావాన్ని కృతజ్ఞత అనుకున్నాను. ఆయన చెయ్యి చాపింది మజ్జిగ కోసమని తర్వాత తెలిసింది.

వేసిన దాన్ని వదిలేయకూడదు. పాపం, ఆయన అదీ తిన్నారు.

అప్పటికి అత్తగారు కూడా ఒక ముద్ద తిన్నారు. ఆవిడ కళ్లు మూయలేదు. పెద్దవి చేశారు. ఆ పైన మజ్జిగ బిందె నడవలోకి తెచ్చి పెట్టి, ఎవరికి వాళ్లు ముంచుకోమని సైగ చేశారు. అందరూ ముగింపు కీర్తన మొదలుపెట్టారు గానీ, ఒక్కో గొంతులోంచి ఒక్కో రకం ఈల వచ్చింది. పల్లవి దాటలేకపోయారు. పాస్టరు గారు ఆశీర్వాదం చేత్తోనే ఇచ్చేశారు.

సరిగ్గా అప్పుడు మా మావయ్య వచ్చాడు. రైలు ఆలస్యమైందట. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినవాడు అక్కడి నుంచే నన్ను పిలిచాడు. వెళ్లేసరికి మేక ముందు నిలబడి ఉన్నాడు. మేక అంత తన్మయంగా తినడం నేనెప్పుడూ చూడలేదు. గోడ మీంచి షకీలా అక్క కూడా అదే అంటోంది, ఏం పెట్టావు సుజాతా, ఇది ఇంటికి రానంటంది అని.

“దానికి పెట్టిందేంటమ్మా?” అన్నాడు మావయ్య.

“తొక్కలు మావయ్యా. ఆర్టిచోక్ తొక్కలు.”

వంగి బుట్టలోంచి గిన్నెలాంటి అడుగు ఒకటి తీశాడు. “మరి ఇదో?”

“గట్టిగా ఉందని తీసేశాం.”

“మరి లోపల వండిందేంటి?”

“మధ్యలో పట్టుకుచ్చులాగా ఉంటది గదా, ఆ గుండె.”

మావయ్య బట్టలుతికే బండ మీద నెమ్మదిగా కూర్చున్నాడు. “అది గుండె కాదమ్మా, నూగు. గొంతుకి అడ్డం పడిద్దని గీకి పారేస్తారు. రేకుల మొదట్లో ఉండే కండా, నా చేతిలో ఉన్న ఈ గిన్నే, ఇవే తినేది. మీరు కూర మేకకి పెట్టి, చెత్త పాస్టరు గారికి పెట్టారు.”

లోపల ఇరవై మంది దగ్గుతున్నారు. భూమి చీలితే దూకేద్దామని చూశాను గానీ, మా పెరట్లో చీలడానికి ఖాళీ ఉన్నది ఆ మడి ఒక్కటే, అదీ నాది కాదు. మావయ్య మాత్రం నన్నే చూస్తున్నాడు. “అది సరేగానీ సుజాతా, అసలు తెనాలిలో దీన్ని మొగ్గ తొడిగించావా నువ్వు?” అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగా విస్తుపోయాడు. అంత సిగ్గులోనూ నాకు ఛాతీ పొంగింది. ఏం చేస్తాం, మనిషి పుటక అట్లాంటిది.

వారం పాటు అత్తగారు గొంతు నొప్పితో మంచం దిగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ లేచిన రోజు పొద్దున్నే పలుగూ పారా తీసుకుని, కొంగున గోంగూర గింజలు ముడివేసుకుని పెరట్లోకి నడిచారు. నేను అడ్డం వెళ్లలేదు. ఒప్పందం ఒప్పందమే. వంటింట్లో నిలబడి, పార మట్టిలో దిగే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు.

వెళ్లి చూద్దును కదా, అత్తగారు పార పట్టుకుని బొమ్మలా నిలబడిపోయి ఉన్నారు. వెనక వైపు ఆకుల చాటున నేను కోయడం మరిచిన మొగ్గ ఒకటి విచ్చుకుంది. ఆ రంగుకి నా దగ్గర మాట లేదు. ఊదా అందామంటే నీలం, నీలం అందామంటే ఊదా. అరచేయి అంత వెడల్పున, వందల వందల సన్నటి పోగులు, ఒక్కో పోగు కొసన వెలుగు. తేనెటీగలు అందులో దిగి, పైకి రావడం మరిచిపోయి పొర్లుతున్నాయి.

అప్పుడు తట్టింది ఎనిమిదో తరగతి సైన్సు టీచర్‌కి. ఆ ఒక్కో పోగూ ఒక్కో పువ్వు. మేం పసుపు మజ్జిగలో నానబెట్టి, ఆవపెట్టి, పాస్టరు గారికి రెండుసార్లు వడ్డించింది ఈ వందల పూలనే, విచ్చకముందు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“మనం తిన్నది ఇదా?” అన్నారు అత్తగారు, ఇంకా బొంగురు పోని గొంతుతో.

“ఇదే అత్తయ్యా.”

ఆవిడ పార గోడకి ఆనించారు. ఆ పొద్దున మా పెరట్లోకి వీధి వీధంతా వచ్చింది. షకీలా అక్క ఎవరికో వీడియో కాల్ చేసి చూపించింది. పాస్టరు గారు వచ్చారు. అప్పుడప్పుడే గొంతు దారికొచ్చిన మనిషి, ఆ పువ్వు ముందు చాలాసేపు నిలబడి ఒక్క మాటా మాట్లాడకుండానే వెళ్లిపోయారు. ఈసారి ఆయన మాట పోవడానికి నా కూర అక్కర్లేకపోయింది.

అందరూ వెళ్లాక, అత్తగారి మనసు మెత్తబడి ఉంది కదా అని, మెల్లగా కదిపాను. “అయితే అత్తయ్యా, మడి సంగతి?”

“పాస్టరు గారు మారు అడగలా. ఆయన అడిగింది మజ్జిగ. మడి నాదే.”

“మరి మొక్కలు పీకేస్తారా?”

“ఎందుకు పీకుతా?” అన్నారు అత్తగారు, కొంగు ముడి విప్పి గోంగూర గింజలు నా చేతిలో పోస్తూ. “నా మడిలో ఉన్నయ్యి నాయి. నువ్వు మేడ మీద ఎక్కడన్నా ఈ గింజలు చల్లుకో. పప్పులోకి కావాలిగా.”

అప్పటి నుంచి ఆర్టిచోక్ అత్తగారిది, గోంగూర నాది. ఏటా మొగ్గలు వస్తాయి. ఒక్కదాన్నీ కత్తితో ముట్టనివ్వరు. ఈస్టరు నాటికి పూసినవి చర్చి బల్ల మీదికి వెళ్తాయి. ఆ కండ ఎట్లా ఉంటుందో, ఆ గిన్నె రుచి ఏంటో నాకు ఇవాళ్టికీ తెలియదు.

కనుక ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేస్తూ, పసుపు మజ్జిగ గిన్నె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. తినే భాగం ఏదో తేలేవరకు ఏ కూరనూ దేవుని సేవకులకు వడ్డించను. చెయ్యి చాపిన ప్రతివారూ కూరే అడుగుతున్నారని అనుకోను. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: నేను ప్రాణం పెట్టి పెంచిన మొక్క ఎంత అందంగా పూస్తుందో, ఈ జన్మలో మళ్లీ మా అత్తగారి కంట పడనివ్వను.